మన పేరు వాళ్ల మార్కు కాకముందే: ట్రేడ్‌మార్క్‌ దరఖాస్తును వ్యతిరేకించడం ఎలా?

భూమికి పట్టా ఉన్నట్టే పేరుకూ పట్టా ఉంటుంది. దాన్నే చట్టం ట్రేడ్‌మార్క్‌ అంటుంది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమికి ఇంకెవరో పట్టా తెచ్చుకున్న కథలు మన వాడలకు కొత్త కాదు. కాగితం కదిలినప్పుడు మనకు తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. పేర్ల విషయంలోనూ ఇదే జరగడానికి వీలుంది. అది ఒక మహిళా సంఘం ఏళ్లుగా అమ్ముతున్న చెప్పుల పేరు కావచ్చు, ఒక కళాబృందం పేరు కావచ్చు, ఉద్యమమంతా పలికే నినాదం కావచ్చు. ఎవరో దానిమీద దరఖాస్తు పెడతారు. అడ్డు చెప్పేవాళ్లు లేకపోతే అది వాళ్ల పేరున నమోదవుతుంది.

అడ్డు చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని సెక్షన్‌ 21 ప్రకారం, దరఖాస్తు ట్రేడ్‌మార్క్స్‌ జర్నల్‌లో ప్రచురితమైన తేదీ నుంచి 4 నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకత తెలపవచ్చు. ఈ హక్కును పెద్ద కంపెనీలు రోజూ వాడుకుంటున్నాయి. మన సంఘాలు, మన విద్యార్థులు కూడా వాడుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

రిజిస్టర్‌ అయితే ఏమవుతుంది?

ఒక పేరు లేదా గుర్తు రిజిస్టరైతే, ఏ వస్తువులకు, సేవలకు నమోదైందో వాటి విషయంలో దాన్ని వాడే హక్కు ఆ యజమానికి మాత్రమే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌ 10 ఏళ్లు ఉంటుంది, ఫీజు కడుతూ పోతే ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. అదే పేరుతో అమ్ముకునే చిన్న వ్యాపారికి లీగల్‌ నోటీసు పంపవచ్చు, కోర్టుకు లాగవచ్చు, ఆన్‌లైన్‌ అంగళ్లలో సరుకు తీయించవచ్చు. ఫిర్యాదు చేసి వీడియో ఛానల్‌ పేరు మార్పించడానికీ ప్రయత్నించవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేని సంఘం ఒక్క నోటీసుకే పేరు వదులుకుంటుంది.

ఒక విషయం గుర్తుంచుకుందాం. పేరు పక్కన చిన్నగా ‘టీఎం’ అని ఉంటే రిజిస్టరైందని కాదు. ఎవరైనా దాన్ని పెట్టుకోవచ్చు. సున్నాలో ‘ఆర్‌’ అక్షరం ఉంటేనే రిజిస్టరైందని అర్థం. రిజిస్టర్‌ కాకుండానే అయిందని చెప్పుకోవడాన్ని సెక్షన్‌ 107 నిషేధిస్తుంది. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత కాలం దాని ఆధారంగా రిజిస్టర్డ్‌ మార్కు ఉల్లంఘన దావా వేయడం కుదరదు. బెదిరింపు నోటీసు వస్తే ముందుగా ఆ దరఖాస్తు ఏ దశలో ఉందో చూడాలి.

‘ఎవరైనా’ అన్న మాట విలువ

సెక్షన్‌ 21లో ఉన్న మాట ‘ఎవరైనా’. వ్యతిరేకించేవాళ్లు వ్యాపారులై ఉండాల్సిన పని లేదు. సొంత మార్కు ఉండాల్సిన పని లేదు. విద్యార్థి కావచ్చు, కార్యకర్త కావచ్చు, రిజిస్టరైన సొసైటీ కావచ్చు.

ఆ 4 నెలలు దాటి మార్కు రిజిస్టరైపోతే దారి ఇరుకవుతుంది. దాన్ని రిజిస్టర్‌ నుంచి తొలగించమని సెక్షన్‌ 57 కింద అడగవచ్చు గానీ, అక్కడ చట్టం వాడిన మాట ‘నష్టపోయిన వ్యక్తి’. మనకు ఏ విధంగా నష్టం జరిగిందో ముందు మనమే చూపాలి. ముందు తలుపు ఊరందరికీ తెరిచి ఉంటుంది, వెనక తలుపు దగ్గర మాత్రం నువ్వెవరని అడుగుతారు. అందుకే ఆ 4 నెలలు అంత ముఖ్యం.

‘ఎవరైనా’ అన్నదానికి ఒక పరిమితి ఉంది. ‘ఈ పేరు మేం ముందు నుంచి వాడుతున్నాం, ఇది మాది’ అనే వాదనను ఆ పేరు వాడుతున్నవాళ్లే తేవాలి. సెక్షన్‌ 11(5) ఆ మాట చెబుతోంది. అంటే చెప్పుల సంఘం పేరును ఎవరో కాజేయబోతే, నోటీసు ఆ సంఘం తరఫునే వెళ్లాలి. వాళ్ల మీద అభిమానంతో మనం మన పేరున వేస్తే ఆ వాదన నిలవదు. పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, అది అందరిదీ అనే వాదన మాత్రం ఎవరైనా తేవచ్చు.

కనిపెట్టడం ఎలా?

ట్రేడ్‌మార్క్స్‌ జర్నల్‌ ప్రతి సోమవారం ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో వెలువడుతుంది. చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు. అదే సైట్‌లో పబ్లిక్‌ సెర్చ్‌ ఉంది. పేరు, క్లాస్‌ నంబరు ఇస్తే ఆ పేరుమీద పడిన దరఖాస్తులు కనిపిస్తాయి.

వస్తువులు, సేవలు మొత్తం 45 క్లాసులు. వస్తువులవి 1 నుంచి 34 వరకు, సేవలవి 35 నుంచి 45 వరకు. మనకు ఎక్కువగా పనికొచ్చేవి: తోలు సంచులు 18. చెప్పులు, దుస్తులు, బెల్టులు 25. సంగీత వాద్యాలు 15. పుస్తకాలు, పత్రికలు, క్యాలెండర్లు 16. పచ్చళ్లు 29, మసాలా పొడులు 30. విద్య, వినోదం, సాంస్కృతిక కార్యక్రమాలు 41.

తెలుగు మాటలను వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ‘డప్పు’ను ఇంగ్లిష్‌లో ‘హెచ్‌’ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. అందుకే ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్‌ సెర్చ్‌ కూడా చేయాలి.

దరఖాస్తు పేజీలో స్టేటస్‌ చూడండి. ‘ఆబ్జెక్టెడ్‌’ అంటే రిజిస్ట్రీ పరిశీలకుడే అభ్యంతరం పెట్టాడని. అది మన వంతు కాదు. ‘అడ్వర్టైజ్డ్‌’ అని ఉంటే జర్నల్‌లో వచ్చిందని. మన 4 నెలలు అప్పుడే మొదలయ్యాయి. ‘అపోజ్డ్‌’ అంటే ఇప్పటికే ఎవరో వ్యతిరేకించారని. అయినా గడువులోపు మనమూ వేయవచ్చు. ఒక దరఖాస్తు 2026 మార్చి 2 జర్నల్‌లో వస్తే గడువు జులై 2తో ముగుస్తుంది. ఈ గడువును పొడిగించే అధికారం రిజిస్ట్రార్‌కు లేదు. చివరి రోజున సైట్‌ మొరాయించినా నష్టపోయేది మనమే కాబట్టి రెండు వారాల ముందే పని ముగించుకోవాలి.

ఏ కారణాలు చెల్లుతాయి?

‘మా మనసుకు కష్టంగా ఉంది’ అని రాస్తే సరిపోదు. చట్టంలో ఉన్న కారణానికి మన అభ్యంతరాన్ని ముడిపెట్టాలి. మనకు పనికొచ్చేవి ఇవి.

ఒకటి, ఆ మాటకు ఒక వ్యాపారిని గుర్తుపట్టించే ప్రత్యేకత లేకపోవడం. సెక్షన్‌ 9(1) ప్రకారం వస్తువు రకాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును చెప్పే మాటలు, జనం వాడుకలోనో ఆ వ్యాపారంలోనో మామూలైపోయిన మాటలు ఒకరి మార్కు కాకూడదు. వాద్యాల క్లాసులో ‘డప్పు’ అన్న మాటకే ఎవరైనా దరఖాస్తు పెడితే ఈ కారణం నేరుగా వర్తిస్తుంది.

రెండు, జనాన్ని మోసపుచ్చే అవకాశం. సెక్షన్‌ 9(2)(ఎ) దీని గురించే. ఉద్యమంతో ఏ సంబంధమూ లేని వ్యాపారి ఉద్యమ సంస్థను తలపించే పేరు పెట్టుకుంటే, ఆ డబ్బు ఉద్యమానికే చేరుతుందని కొనేవాళ్లు నమ్మే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని సాక్ష్యంతో చూపాలి.

మూడు, మత విశ్వాసాలకు భంగం. సెక్షన్‌ 9(2)(బి) దేశ పౌరుల్లో ఏ వర్గం మత విశ్వాసాలనైనా నొప్పించే మార్కును నిషేధిస్తుంది. ఇక్కడ 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన లాల్‌ బాబు ప్రియదర్శి వర్సెస్‌ అమృత్‌పాల్‌ సింగ్‌ తీర్పు చదవాలి. పట్నాకు చెందిన వ్యాపారి అగరుబత్తీలకు ‘రామాయణ్‌’ పేరును మార్కుగా కోరాడు. మరో వ్యాపారి వ్యతిరేకించాడు. పవిత్ర గ్రంథం పేరుపై ఏ ఒక్కరూ హక్కు కోరలేరని కోర్టు తేల్చింది. పట్నాలోనే 20 మందికి పైగా వ్యాపారులు ఆ పేరు వాడుతున్నారని, అది అందరి వాడుకలో ఉన్న మాట అయిపోయిందని కూడా గమనించింది. అయితే ఆ మాటకు ముందో వెనకో మరో మాట చేర్చి, ప్రత్యేకంగా కనిపించేలా చేస్తే రిజిస్ట్రేషన్‌కు వీలుండొచ్చని కూడా అంది. అందుకే దరఖాస్తులో ఉన్నది ఒట్టి పేరా, వేరే మాటలతో కలిపిన పేరా అన్నది జాగ్రత్తగా చూడాలి.

నాలుగు, అశ్లీలమైన లేదా నీచమైన విషయం. ఇది సెక్షన్‌ 9(2)(సి). ఇక్కడొక లోటును గమనించాలి. చట్టం మతం గురించి విడిగా చెప్పింది గానీ కులాన్ని కించపరిచే మార్కు గురించి విడిగా చెప్పలేదు. కులం పేరును తిట్టుగా వాడిన మార్కు ఎదురైతే ఈ 9(2)(సి) కిందే వాదించాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్‌ 3(1)(వి)ని కూడా నోటీసులో ప్రస్తావించవచ్చు. ఎస్సీ, ఎస్టీలు ఎంతో గౌరవించే దివంగతులను మాటతో గానీ రాతతో గానీ అవమానించడం ఆ సెక్షన్‌ ప్రకారం నేరం. సవరణతో వచ్చిన ఈ నిబంధన 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రార్‌ ఆ నేరంపై విచారణ జరపడు. కానీ చట్టం నేరమన్న పనికి తోడ్పడే మార్కును నీచమైనదిగా చూడాలని మనం వాదించవచ్చు.

ఐదు, ముందు నుంచి వాడుకలో ఉన్న పేరు. సెక్షన్‌ 11 కింద, ముందున్న మార్కును పోలి జనాన్ని తికమకపెట్టే మార్కును ఆపవచ్చు. మన మార్కు రిజిస్టర్‌ కాకపోయినా, వాడుకతో పేరు తెచ్చుకుని ఉంటే, 11(3) కింద పాసింగ్‌ ఆఫ్‌ వాదన ఉంటుంది. మన మంచిపేరును వాడుకుని తన సరుకును మనదిగా అమ్ముకోవడాన్నే పాసింగ్‌ ఆఫ్‌ అంటారు. దరఖాస్తుదారుకు దురుద్దేశం ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 11(10) చెబుతోంది.

ఆరు, భౌగోళిక గుర్తింపు. కొల్హాపురీ చెప్పులకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఆ చెప్పులు కుట్టేవాళ్లలో అత్యధికులు తోలు పని చేసే దళిత కులాలవాళ్లే. జీఐ చట్టంలోని సెక్షన్‌ 25 ప్రకారం, ఆ ప్రాంతంలో తయారు కాని సరుకుకు, కొనేవాళ్లను తప్పుదోవ పట్టించేలా జీఐ పేరును మార్కుగా కోరితే నిరాకరించమని అడగవచ్చు.

మహనీయుల పేర్ల సంగతేమిటి?

ఇది మనకు అందరికంటే దగ్గరి ప్రశ్న. సెక్షన్‌ 14 ప్రకారం, బతికున్న వ్యక్తితో గానీ, దరఖాస్తుకు ముందు 20 ఏళ్లలోపు చనిపోయిన వ్యక్తితో గానీ సంబంధం ఉన్నట్టు తప్పుగా సూచించే మార్కు వస్తే, ఆ వ్యక్తి లేదా వారసుల లిఖిత సమ్మతి తెమ్మని రిజిస్ట్రార్‌ అడగవచ్చు. గద్దర్‌ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ఆయన పేరుకు ఈ సెక్షన్‌ 2043 దాకా అండగా ఉంటుంది. రోహిత్‌ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. అతని పేరుకు 2036 దాకా.

బాబాసాహెబ్‌ 1956 డిసెంబర్‌ 6న పరినిర్వాణం చెందారు. 20 ఏళ్ల గడువు ఎప్పుడో దాటింది. గుర్తులు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం, 1950 షెడ్యూల్‌లో మహాత్మా గాంధీ, నెహ్రూ, ఇందిరా గాంధీ, ఛత్రపతి శివాజీల పేర్లను కలిపి చెప్పిన పద్దు ఉంది. ఆ పద్దులో అంబేడ్కర్‌ పేరు లేదు. కాబట్టి ఆయన పేరుపై దరఖాస్తు వస్తే పైన చెప్పిన కారణాలతోనే పోరాడాలి. జనం వాడుకలో మామూలైన మాట కాబట్టి ఒకరి మార్కు కాలేదన్నది మొదటి వాదన. కొనేవాళ్లను మోసపుచ్చుతుందన్నది రెండోది. 1956 అక్టోబర్‌ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం స్వీకరించిన నాటి నుంచి లక్షల మంది నవయాన బౌద్ధులకు ఆయన ధర్మమార్గం చూపినవాడు. కాబట్టి 9(2)(బి) కూడా వర్తిస్తుందన్నది మూడోది. ఇవన్నీ వాదనలే. ఒక్కోదానికీ సాక్ష్యం జోడించాలి.

‘మనవాళ్లే ఎవరో ఒకరు ముందుగా రిజిస్టర్‌ చేసుకుంటే పీడ పోతుంది కదా’ అని కొందరు మిత్రులు అంటుంటారు. మేం దీనితో ఏకీభవించం. ‘జై భీమ్‌’ ఒక సంఘం పేరున నమోదైతే ఆ సంఘం చీలినప్పుడు ఏమవుతుంది? రేపు ఇంకో సంఘానికి నోటీసు పంపే అధికారం దానికి వస్తుంది. అందరి మాటను అందరిదిగా ఉంచడానికి ఉన్న మార్గం వ్యతిరేకించడమే. అయితే ఒక సంఘం తన సొంత సరుకుకు పెట్టుకున్న పేరు సంగతి వేరు. దాన్ని తప్పకుండా రిజిస్టర్‌ చేసుకోవాలి.

నోటీసులో ఏం రాయాలి?

ఫారం పేరు టీఎం-ఓ. ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకు రూ. 2,700, కాగితం మీద వేస్తే రూ. 3,000. దరఖాస్తు మూడు క్లాసుల్లో ఉండి మూడింటినీ వ్యతిరేకిస్తే ఆన్‌లైన్‌లో రూ. 8,100 అవుతుంది. ఆన్‌లైన్‌కు డిజిటల్‌ సిగ్నేచర్‌ కావాలి. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. లాయరు ద్వారా గానీ ట్రేడ్‌మార్క్‌ ఏజెంటు ద్వారా గానీ వేయవచ్చు, మనమే స్వయంగానూ వేయవచ్చు.

నోటీసు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి. అందులో ఇవి తప్పనిసరి: దరఖాస్తు నంబరు, దరఖాస్తుదారు పేరు, ఏ వస్తువులకు లేదా సేవలకు వ్యతిరేకిస్తున్నాం, మన పేరు, చిరునామా, వ్యతిరేకతకు కారణాలు, ముందున్న మార్కు మనదైతే దాని వివరాలు, చివర్లో ‘పై విషయాలు నిజం’ అని ధ్రువీకరణ, సంతకం, తేదీ, స్థలం. జర్నల్‌ నంబరు, తేదీ కూడా రాస్తే గడువు లోపలే వేశామన్నది స్పష్టంగా ఉంటుంది. కారణాలను ఒక్కో పేరాలో ఒక్కోటి, సెక్షన్‌ నంబరుతో రాయండి. ఉపన్యాసం వద్దు. ఏం జరిగింది, ఏ సెక్షన్‌కు విరుద్ధం, రుజువు ఏమిటి అన్న మూడూ ఉంటే చాలు.

తర్వాతి మెట్లు, గడువులు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక మండలంలో మాదిగ మహిళల సొసైటీ 2016 నుంచి ఒక పేరుతో తోలు చెప్పులు అమ్ముతోంది. నగరంలోని వ్యాపారి అదే పేరుకు క్లాస్‌ 25లో దరఖాస్తు పెట్టి, 2022 నుంచి వాడుతున్నానని రాశాడు. సొసైటీ టీఎం-ఓ వేసింది.

నోటీసు ప్రతిని రిజిస్ట్రార్‌ వ్యాపారికి పంపుతాడు. అది అందిన 2 నెలల్లో అతను కౌంటర్‌ స్టేట్‌మెంట్‌ వేయాలి. వేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే. వ్యతిరేకత పడగానే జవాబివ్వకుండా తప్పుకునేవాళ్లకు ఇక్కడే కథ ముగుస్తుంది.

కౌంటర్‌ వస్తే, దాని ప్రతి మనకు అందిన 2 నెలల్లో సాక్ష్యాన్ని అఫిడవిట్‌ రూపంలో వేసి, ప్రతిని అవతలివాళ్లకూ పంపాలి. కొత్త సాక్ష్యం లేకపోతే నోటీసులో రాసినదానిమీదే ఆధారపడుతున్నామని రాసివ్వాలి. ఏదీ చేయకపోతే మన వ్యతిరేకతే రద్దవుతుంది. ఈ గడువు తప్పనిసరి అని ఢిల్లీ హైకోర్టు 2024లో సన్‌ ఫార్మా, డాబర్‌ కేసులో చెప్పింది. అఫిడవిట్‌ను ముందే సిద్ధం చేసుకోవాలి.

ఆ తర్వాత అతని సాక్ష్యానికి 2 నెలలు, మన జవాబు సాక్ష్యానికి 1 నెల. అప్పుడు హియరింగ్‌. ఒక్కో పక్షానికి రెండుకు మించి వాయిదాలు ఉండవు. కాగితం మీద లెక్క ఇది. నిజానికి తీర్పు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అన్నేళ్లూ చిరునామా, ఈమెయిల్‌, ఫోన్‌ మారకుండా చూసుకోవడం, మారితే రిజిస్ట్రీకి తెలపడం సంఘం బాధ్యత.

సాక్ష్యం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన సంఘాలు ఓడిపోయేది ఇక్కడే. పని ఉంటుంది, కాగితం ఉండదు. బిల్లు పుస్తకాలు, జీఎస్టీ ఇన్వాయిసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎగ్జిబిషన్‌ స్టాలు రశీదులు, పేరు ముద్రించిన అట్టపెట్టెలు, తేదీతో ఉన్న ఫొటోలు, పత్రికల్లో వచ్చిన వార్తలు, వాట్సాప్‌ ఆర్డర్లు, అన్నీ పనికొస్తాయి. ఫోన్‌లోని, కంప్యూటర్‌లోని రుజువులకు భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్‌ 63 సర్టిఫికెట్‌ జత చేయాలి. తెలుగు కరపత్రం, తెలుగు పత్రిక కోత పెడితే ధ్రువీకరించిన ఇంగ్లిష్‌ లేదా హిందీ అనువాదం కూడా పెట్టాలి. మన ఊహా ఉదాహరణలో సొసైటీ దగ్గర 2016 నాటి బిల్లులు ఉంటే, 2022 అని రాసుకున్న వ్యాపారి వాదన బలహీనపడుతుంది. లేకపోతే ఎనిమిది ఊళ్ల జనానికి తెలిసిన నిజం కూడా రిజిస్ట్రార్‌ ముందు నిలబడటం కష్టం.

ఖర్చు భరించలేకపోతే?

న్యాయసేవల చట్టం, 1987లోని సెక్షన్‌ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. వీళ్లకు ఆదాయ పరిమితి షరతు లేదు. అది కోర్టు కేసులకే అనుకుంటాం. కానీ ఆ చట్టం ‘కోర్టు’ అన్న మాటలో, న్యాయవిచారణ లాంటి అధికారం ఉన్న ఇతర అధికారులనూ చేర్చింది. ట్రేడ్‌మార్క్‌ వ్యతిరేకతను వినే రిజిస్ట్రార్‌ చేసేది అలాంటి పనే. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇచ్చే దరఖాస్తులో ఈ మాట రాయండి. లా చదువుతున్న మన విద్యార్థులు సంఘాలకు చేయగల సాయం కూడా ఇక్కడే ఉంది.

తీర్పు తర్వాత

గెలిస్తే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. అంతమాత్రాన ఆ పేరు మన పేరున నమోదు కాదు. మనది కావాలంటే మనం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు రూ. 4,500. కళాకారుల, చేతివృత్తులవాళ్ల సంఘాలు సభ్యులందరూ వాడుకునేలా కలెక్టివ్‌ మార్కు కూడా కోరవచ్చు. ఓడితే సెక్షన్‌ 91 కింద, ఉత్తర్వు అందిన 3 నెలల్లో హైకోర్టుకు అప్పీలు చేయాలి. 2021లో ఐపీ అప్పీళ్ల బోర్డు రద్దయింది కాబట్టి ఇప్పుడు దారి హైకోర్టే. మార్కు రిజిస్టరైపోయినా, మనం అవతలివాళ్ల వాడుకకూ, వాళ్ల రిజిస్ట్రేషన్‌ తేదీకీ ముందు నుంచే ఆ పేరు వాడుతున్నామని రుజువు చేయగలిగితే, సెక్షన్‌ 34 మన వాడుకను కాపాడుతుంది.

ఇప్పుడే చేయాల్సినవి

2025 మేలో ‘ఆపరేషన్‌ సిందూర్‌’ అన్న పేరు బయటికొచ్చిన గంటల్లోనే దానిపై ట్రేడ్‌మార్క్‌ దరఖాస్తులు పడ్డాయి. జనం నోట ఒక మాట ఎక్కగానే దాన్ని సొంతం చేసుకోవాలని చూసేవాళ్లు ఎంత వేగంగా కదులుతారో అది చూపించింది. మనమూ అలాగే కదలాలి. ప్రతి సంఘంలో ఒకరికి జర్నల్‌ చూసే పని అప్పగించండి. మన పేర్లు, నినాదాలు, సరుకుల పేర్ల జాబితా రాసుకుని నెలకోసారి వెతకండి. నెలకోసారి చూస్తే చాలు, 4 నెలల గడువు మన చేయి దాటిపోదు. బిల్లులు, ఫొటోలు ఏడాదివారీగా ఒక పెట్టెలో, ఒక ఫోల్డర్‌లో దాచండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌, బ్యాంకు ఖాతా, జీఎస్టీ, అట్టపెట్టె, అన్నిటిమీదా పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉండేలా చూడండి.

పట్టా విషయంలో మన పెద్దలకు ఎవరూ ముందుగా చెప్పలేదు. పేరు విషయంలో చట్టం ప్రతి సోమవారం ముందుగానే చెబుతోంది. చదివేవాళ్లు మనలో ఉండాలి.